ఇల్లుబండికి జాలీలు

రితేశ్ ఇల్లుబండికి మొదటి గిరాకీ మే నెల మొదటి వారంలో దొరికింది. రెండు రోజులకని శ్రీవర్ధన్ దిక్కు సముద్రపు ఒడ్డుకు వెళ్ళిన ఆ కుటుంబం మర్నాడు పొద్దున పది గంటలకే ఫాక్‌లాండ్ రోడ్డుకు తిరిగి వచ్చేసింది. బండి దిగిన పెద్దమనిషికి ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి ఉంది. ఆయన భార్య మోచేతులు గోక్కుంటూ, పోట్లాడే ఓపిక కూడా లేక, తాళం చెవి రితేశ్ చేతిలో పెట్టి గ్రాంట్ రోడ్ స్టేషన్ వైపు నడిచింది.

రితేశ్ తల్లి రత్నాబాయి ఇదంతా, గదికో కుటుంబం ఉండే తమ చాళ్ రెండో అంతస్తు వరండాలోంచి చూసింది.

ఆ బండి ఒకప్పుడు బడిపిల్లల్ని మోసిన టెంపో. పదేళ్ళు దాన్ని నడిపిన రితేశే, బడివాళ్ళు వద్దనుకున్నాక తీసుకుని, సీట్లు పీకించి రెండు పడకలు, ఒక గ్యాస్ పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి పెట్టించాడు. అతను దాన్ని క్యాంపర్ అంటాడు. రత్నాబాయి ఇల్లుబండి అంది. చాళ్ మొత్తానికీ ఆ పేరే నోటికెక్కింది.

ఆమె కిందికి దిగి బండి ఎక్కి చూసింది. దోమల బత్తీలు, పూసుకునే నూనెలు, ప్లగ్గుకు పెట్టే మందు, అన్నీ పెట్టి పంపానని రితేశ్ వాపోయాడు. అయినా దోమలు ఆగలేదట. దోమలకు తోడు ఆవగింజలో సగం కూడా లేని ఇసుక ఈగలట. కిటికీలకు జాలీలు లేవు. తలుపు తీసి, లోపల లైటు వేసుకుని కూర్చున్నారా అని ఆమె అడిగింది. సముద్రం చూడటానికే కదా పోయింది అన్నాడు రితేశ్.

"మరి అవి గూడ చూడనీకెనే వచ్చినయ్," అంది రత్నాబాయి.

నలభై ఏళ్ళుగా ఆమె చీరలకు ఫాల్, పీకో కుడుతోంది. ఆ సాయంత్రమే గిరాకీల చీరలన్నీ మూటగట్టి పక్కన పెట్టి, టేపు పట్టుకుని బండిలో కిటికీలు కొలిచింది. మామూలు దోమతెర బట్టలోంచి ఇసుక ఈగ హాయిగా దూరిపోతుందని, కన్ను ఆనించి చూసినా రంధ్రం కనపడనంత సన్నటి నైలాన్ జాలీ వెతికించి తెప్పించుకుంది. కిటికీల చుట్టూ అంటుకునే పట్టీ కుట్టింది. తలుపుకు రెండు పొరల తెర, ఒక పొర మీద ఇంకో పొర జానెడు ఎక్కేలా కత్తిరించింది. తెర గాలికి లేవకుండా ఉండాలని వర్లి వెళ్ళి, అక్కడి కోళీ బెస్తలు వలలకు కట్టే సీసపు గుండ్లు అడిగి తెచ్చి అంచులో పెట్టి కుట్టింది. మూడు వారాలు మెషీను ముందు నుంచి కదలలేదు. ప్రతి గురువారం వెళ్ళే భజన మానేసింది. చెల్లెలి ఇంటికి పోవడం కూడా మానేసింది.

జాలీలు బిగించిన తరువాత, గిరాకీకి ఇచ్చే ముందు ఇంటివాళ్ళమే ఒకసారి వెళ్ళి పడుకుని చూద్దామన్నాడు రితేశ్. కోడలు సీమా, పదేళ్ళ మనవరాలు మనాలి సరేనన్నారు. రత్నాబాయి ఒక్కటే షరతు పెట్టింది: తన బొంత తనతో రావాలి. పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి ఆమే కుట్టుకున్న బొంత అది. అది లేకపోతే ఆమెకు నిద్ర పట్టదు.

సముద్రపు ఒడ్డున సరుగుడు తోపు పక్కన బండి ఆపారు. పొద్దు వాలుతుండగానే రత్నాబాయి తన కట్టడి మొదలుపెట్టింది. లైటు ఆర్పకుండా తెర ఎత్తకూడదు. ఎత్తినా ఒక్కరొక్కరుగా, ఒంగి, పక్కకు తిరిగి రావాలి. రితేశ్ ఒంగి వస్తూ రెండుసార్లు తల కొట్టుకున్నాడు. అయినా లోపలికి ఒక్క దోమ రాలేదు. ఆమె జాలీలకు చెయ్యి ఆనించి, అటువైపు వాలిన వాటిని చూసి తృప్తిగా బొంత పరిచింది. అమ్మానాన్నల పడక ఇరుకని మనాలి కూడా ఆమె పక్కనే పడుకుంది.

తెల్లారేసరికి మనాలి చేతి మీద మూడు దద్దులు, మెడ మీద నాలుగు.

"ఆజీ, నీ జాలీ ఫెయిల్," అంది పిల్ల.

రితేశ్ టార్చి పట్టుకుని బండి అంతా గాలించాడు. గేరు రాడ్డు చుట్టూ సందు దొరికింది, టేపు వేశాడు. తొట్టి గొట్టానికి వేశాడు. ఎక్కడా కన్నం లేని చోట కూడా అనుమానం మీద వేశాడు. టేపు చుట్ట అయిపోయింది.

రత్నాబాయి మాత్రం దద్దుల్ని ఒక్కసారే చూసింది. అవి వరుసగా, దారం పెట్టి కుట్టినట్టు ఉన్నాయి. దోమ అట్లా వరుస కట్టి కుట్టదు. ఎవరూ చూడకుండా బొంత అంచు తిరగేసింది. కుట్టు సందులో గోధుమరంగు నల్లి ఒకటి, కడుపు నిండి, కదలలేక కూర్చుని ఉంది.

తన ఒంటిగది ఖోలీలో నల్లి అనేది లేదని ఆమె చాళ్ అంతటా చెప్పుకున్న మనిషి. పక్క ఖోలీ కిష్టమ్మ వస్తే మంచం మీద కాక స్టూలు మీద కూర్చోబెట్టేది. కిష్టమ్మ ఇంట్లో నల్లులున్నాయని ఆమె లెక్క. ఇప్పుడు నోరు విప్పితే ఇంటి పరువు పోతుంది. విప్పకపోతే జాలీల పరువు పోతుంది. ఏం చెయ్యాలో తోచక బొంత మడిచి దాని మీద కూర్చుంది. చాయ్ తాగడానికి రమ్మన్నారు, రానంది. ఒడ్డున చేపల వేలం చూద్దామన్నారు, మోకాళ్ళ నొప్పంది. గంటసేపు అట్లాగే కూర్చుంది. ఆ గంటలో నల్లి ఆమెనే రెండుసార్లు కుట్టింది, అయినా కదల్లేదు.

చివరికి రితేశ్ విసుగెత్తి లోపలికి వచ్చాడు. ఇంటికి పోయాక దుకాణంలో తయారుగా దొరికే జాలీలు కొని బిగిద్దామంటూ, కిటికీ పట్టీ ఒక మూల పట్టుకుని పర్రున లాగాడు. ఆ చప్పుడు రత్నాబాయికి తన చర్మం లాగినట్టే అనిపించింది.

"జాలీ ముట్టకు," అంది. "అవి దోమలు గావు. నల్లులు. నా బొంతలకెల్లి వచ్చినయ్."

రితేశ్ చెయ్యి అక్కడే ఆగిపోయింది. తలుపు దగ్గర చాయ్ గ్లాసుతో నిలబడ్డ సీమా ఏమీ ఆశ్చర్యపోలేదు. గ్లాసు అత్తకు అందించి, మెల్లగా చెప్పింది.

"నాకెరుకే అత్తమ్మా."

అప్పుడు బయటపడింది సంగతి. పెళ్ళయి వచ్చిన మొదటి వారంలోనే సీమా వాటిని చూసింది. అత్తకు చెప్పడానికి భయపడింది. అప్పటి నుంచి ప్రతి గురువారం రత్నాబాయి భజనకు వెళ్ళగానే మంచం కీళ్ళలో కాగే నీళ్ళు పోసి, బొంతను మిద్దె మీద ఎండలో దులిపి, ఆమె వచ్చేలోగా ఎట్లా ఉన్నది అట్లా సర్ది పెట్టేది. పదకొండేళ్ళు.

"ఈ మూడు వారాలు నువ్వు జాలీలు కుట్టుకుంట ఇల్లు కదల్లే," అంది సీమా. "నాకు సందు దొరకలే."

రత్నాబాయికి మొదట కోపం వచ్చింది. తన మంచాన్ని తనకు తెలియకుండా ముట్టుకున్నందుకు. ఆ కోపం ఎవరి మీద పడాలో తెలియక చాయ్ ఒక గుటక తాగింది. నల్లి లేదన్న తన మాటను కోడలు పదకొండేళ్ళు నిలబెడుతూ వచ్చిందని ఆ గుటక దిగేసరికి తట్టింది.

"నల్లులు బాగ ఉంటుండెనా?" అని అడిగింది తలెత్తకుండా.

"లెక్కవెట్టలే అత్తమ్మా," అంది సీమా.

మనాలికి నవ్వు ఆగలేదు. రితేశ్ నవ్వు దాచుకోవడానికి బండి కిందికి దూరి టైర్లు చూస్తున్నట్టు నటించాడు.

ఆ మధ్యాహ్నం అత్తాకోడళ్ళు కలిసే పని పట్టారు. బొంతను నల్లటి ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి టెంపో మీద ఎండకు పడేశారు. పరుపుల కుట్లలో, పడకల మూలల్లో పొయ్యి మీద మరిగించిన నీళ్ళు పోశారు. తరువాత అద్దాలన్నీ బిగించి బండిని నడి ఎండలో వదిలారు. సాయంత్రం తలుపు తీస్తే పొయ్యి మూత తీసినట్టు వేడి మొహానికి కొట్టింది. నలుగురూ సరుగుడు నీడలో చెమటలు కక్కుతూ కూర్చున్నారు. పొద్దు దిగగానే ఇసుక ఈగలు మోకాళ్ళ కింద పట్టుకున్నాయి. రితేశ్ అందరికంటే ముందు పరుగెత్తి, ఒంగకుండా తెరలో చిక్కుకుని, సీసపు గుండు ముక్కుకు తగిలించుకున్నాడు. లోపలికి చేరాక లైటు వేయకుండా కాసేపు కూర్చున్నారు. జాలీ అవతల సన్నగా గీ అంటూ మోత. లోపల ఎవరూ గోక్కోలేదు. మనాలి నాయనమ్మ భుజం మీద తల పెట్టి, జాలీ పాస్ అంది.

జూన్ ఆరంభంలో దాదర్ నుంచి ఒక జంట బండి అడిగింది. రితేశ్ తాళం చెవి ఇవ్వబోతుంటే రత్నాబాయి, సీమా మెట్లు దిగి వచ్చారు. పరుపులు మావే ఉన్నాయి, మీ దుప్పట్లు ఒకసారి విప్పండి అని రత్నాబాయి మరాఠీలో మర్యాదగా అడిగింది. ఆ భర్త బ్యాంకు ఆఫీసరు. ఎందుకని మొహం చిట్లించాడు. ఫాక్‌లాండ్ రోడ్డు ఫుట్‌పాత్ మీద, వచ్చేపోయేవాళ్ళు ఆగి చూస్తుండగా, రత్నాబాయి కళ్ళద్దాలు ముక్కు మీదికి దించుకుని ఆయన దుప్పటి అంచు వేలితో తడుముతూ పోయింది. సీమా రెండో దుప్పటి అందుకుంది. మూడో మూల దగ్గర అత్త చెయ్యి ఆగింది. కోడలి వంక చూసింది. ఇద్దరూ ఒంగి చూశారు. కుట్టు సందులో గోధుమరంగు నల్లి.

"ఈ సార్ ఇంట్ల గూడ ఎవరన్న భజన మానేసిన్రేమో అడుగు," అంది రత్నాబాయి, తెలుగులో.