వెనక కుర్చీలో మౌస్

ఏమయ్యా కంప్యూటరు సారూ, నిన్నే! మౌస్ మీద చెయ్యేసి మహారాజులా కూర్చున్నావే, తెర మీద తిరిగే ఆ బాణం నీ మాటే వింటుందని అంత నమ్మకమా? ఒకసారి నీ ల్యాప్‌టాప్ పక్కనున్న బొక్కల్లో ఏమైనా దూరిందేమో తడిమి చూసుకో. ఏమీ లేదుగా? తడిమావు చూడు, అదే నాకు కావలసింది. చదువుకున్నవాళ్ళను భయపెట్టడం ఇంత సులువు.

నా పేరు కిషన్ రావు. చిక్కడపల్లిలో మైకులు, స్పీకర్లు, ప్రొజెక్టర్లు కిరాయికి ఇచ్చే దుకాణం నాది. ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివాను. రెండుసార్లూ అదే నన్ను వద్దంది. మైకు స్విచ్చి నా చేతిలో ఉన్నంతకాలం మా పేటలో ఏ ఉపన్యాసమూ సజావుగా సాగలేదు. మా ఇంటావిడ పద్మ ఒకటే మాట అంటుంది.

"సామాన్లు పంపు, నువ్వు పోకు. మనిషివి పోతే ఏదో ఒక కిరికిరి పెట్టకుండ వస్తవా?"

2010లో విద్యాసాగర్ అనే కుర్రాడు దుకాణానికొచ్చాడు. కళ్ళజోడు, భుజానికి సంచి, ఆ సంచిలో ల్యాప్‌టాప్.

"అంకుల్, మేము ప్రోగ్రామర్లం. నెలకొక ఆదివారం కలుస్తం. ఒకరు నేర్చుకున్నది ఇంకొకరికి చూపెడ్తం. ప్రొజెక్టర్ కావాలె."

"చూపెట్టినోళ్లకు ఏమిస్తరు?"

"చప్పట్లు కొడ్తం. ఆఖరికి చిట్టీలు తీసి ఒకరికి టీషర్ట్ ఇస్తం."

"గా టీషర్ట్ కోసం ఆదివారం నిద్ర ఖరాబ్ చేసుకుంటరా?"

నవ్వాడు. మంచి పిల్లాడు. వాళ్ళు మాట్లాడుకునేదంతా వెబ్ అప్లికేషన్ల గురించి. అవి మామూలు వెబ్ పేజీల్లా ఉండవట. నొక్కిన ప్రతిసారీ తెర తెల్లబడి మళ్ళీ తెరుచుకోదు. బొమ్మను పట్టుకుని ఇక్కడి నుంచి అక్కడికి లాగొచ్చు, తిప్పొచ్చు, పెంచొచ్చు. పేజీ పేజీలాగే ఉంటుంది, పని మాత్రం జరిగిపోతుంది.

లాగొచ్చు అన్న మాట నా చెవిన పడగానే నాకు కోఠిలో కొన్న వైరు లేని మౌస్ గుర్తొచ్చింది. దాని రిసీవర్ బటాణీ గింజంత ఉంటుంది. ప్రొజెక్టర్ వైరు తగిలించేటప్పుడు దాన్ని కూడా ల్యాప్‌టాప్‌లో దూరిస్తే ఎవరికి తెలుస్తుంది?

మొదటిసారి అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైగదిలో కలిశారు. ముప్పైమంది దాకా వచ్చారు. వాళ్ళలో ఇద్దరు గ్రూప్-టూకి చదువుకునే పిల్లలు, ఉచిత క్లాసు అనుకుని వచ్చి ముందు వరసలో నోటుబుక్కులు తెరిచారు. అఖిల్ అనే ఇంజినీరు తను తయారుచేసిన ఫోటోల ఆల్బం చూపిస్తున్నాడు. నేను వెనక గోడ దగ్గర కూర్చుని, ఒళ్ళో రసీదు పుస్తకం, దాని మీద మౌస్, మౌస్ మీద టవల్ పెట్టుకున్నాను.

అఖిల్ ఫోటోను కుడికి లాగితే నేను ఎడమకు లాగాను. పైకి లాగితే కిందికి లాగాను. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మెమరీ సమస్య ఉన్నట్టుంది," అన్నాడు.

"కాదురా, బ్రౌజర్ పాతది," అన్నాడు విద్యాసాగర్.

"వైరస్!" అని ఇంకెవరో కేకేశారు.

నేను లేచి చాలా వినయంగా చెప్పాను. "సార్, ఈ బిల్డింగుల ఎర్తింగ్ తక్కువుంది. జర ఎడమ చేత్తోని పట్టుకోండ్రి."

అఖిల్ ఎడమ చేత్తో పట్టుకున్నాడు. నేను టవల్ కింద చెయ్యి ఆపాను. ఫోటో బుద్ధిగా కుడికి పోయింది. ముప్పైమంది చప్పట్లు కొట్టారు. కోచింగ్ పిల్లలిద్దరూ 'ఎర్తింగ్, ఎడమ చెయ్యి' అని రాసుకున్నారు. నేను ఇంటికెళ్ళి నవ్వి నవ్వి అన్నం తినలేకపోయాను.

తరువాతి నెల విద్యాసాగర్ ఫోన్ చేశాడు.

"అంకుల్, ఈసారి నారాయణగూడల. ఫ్లైఓవర్ దగ్గర కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్, రెండో అంతస్తు. మీరే రావాలె. సామాన్లు ఇచ్చి ఎవర్నో పంపిస్తే నడవది."

చూశావా, ఎంత గౌరవమో! తల కాస్త దువ్వుకుని మరీ వెళ్ళాను.

ఆ రోజు చూపించే అమ్మాయి పేరు శ్రీదివ్య. ఇరవై ఆరేళ్ళుంటాయి. ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి, మంచినీళ్ళ సీసా మూత తీస్తూ పెడుతూ ఉంది, తాగడం లేదు. నేను ప్రొజెక్టర్ వైరు తగిలించి, పనిలో పనిగా బటాణీ గింజను కూడా దూర్చేశాను.

"గంత పరేషాన్ ఎందుకు బిడ్డా? అందరు మీ దోస్తులే కద?"

"అందరు కాదు అంకుల్. ముందట ఆ కుర్చీల విజయశ్రీ మేడం కూసుంటది. ఇండ్లు కట్టి అమ్మే కంపెనీ ఆమెది. కొనేటోళ్లు వాళ్ల ఇంటి ప్లాను వాళ్లే తయారుచేసుకునే అప్లికేషన్ చేసిన. నౌకరి ఇడిచిపెట్టి ఎనిమిది నెల్లు దీని మీదనే కూసున్న. ఇయ్యాల ఆమె వద్దంటే రేపు పొద్దుగాల మళ్ల పాత నౌకరికే. మా మేనేజర్ ఏమన్నడో తెల్సా? 'నీ కుర్చీ గట్లనే ఉంది, దుమ్ము తుడిచి పెట్టిన' అన్నడు."

నా గుండె జారి చెప్పుల్లో పడింది. నేను కొంటె మనిషినే కానీ కసాయిని కాను. గింజను పీకేద్దామని చెయ్యి పెట్టబోయాను. అంతలో నలుగురు కుర్రాళ్ళు బల్ల చుట్టూ మూగారు, విజయశ్రీ గారు లోపలికొచ్చారు, లైట్లు ఆర్పారు. వెనక కుర్చీలో కూర్చుని ఒట్టేసుకున్నాను. ఇవాళ మౌస్ జేబులోంచి బయటికి రాదు.

తెర మీద రెండు వందల గజాల ఖాళీ స్థలం కనిపించింది. పక్కన చిన్న చిన్న బొమ్మలుగా గదులు, తలుపులు, మెట్లు. శ్రీదివ్య వంటగదిని లాగి స్థలంలో పెట్టింది. పడకగదిని లాగి దాని పక్కన ఆనించింది. గోడలు వాటంతట అవే కలుసుకున్నాయి. ముచ్చటగా ఉంది.

విజయశ్రీ గారికి యాభై దాటి ఉంటాయి. చేతిలో చిన్న పుస్తకం. మొహంలో ఏమీ కనిపించలేదు.

"నీ చేతికి అలవాటు కాబట్టి నీకు సులువమ్మా. మా దగ్గరికి వచ్చేవాళ్ళు రిటైరైనవాళ్ళు, దుకాణాలు నడిపేవాళ్ళు. నేర్పకుండా వాళ్ళు చేయగలరా?"

"చేస్తరు మేడం."

"ఇంతకుముందు ముగ్గురు ఇదే చెప్పారు. మా వాళ్ళు ఐదు నిమిషాల్లో లేచి వెళ్ళిపోయారు."

శ్రీదివ్య గొంతు సవరించుకుంది. మైకు గట్టిగా పట్టుకుని అంది.

"ఇది ఎవరైన వాడొచ్చు మేడం. వాడుడు సంగతి ఇడిచిపెట్టండ్రి, చెడగొడ్దామని కూసున్నోళ్లు గూడ దీన్ని చెడగొట్టలేరు. ఎవ్వరితోని కాదు."

ఎవ్వరితోనూ కాదా?

ఒట్టు సంగతి నాకు తెలుసు. కానీ నా చేతికి తెలియదు కదా. అది జేబులోకి వెళ్ళింది, బయటికి వచ్చింది, టవల్ కింద దూరింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి కదిపి ఊరుకుందామనుకున్నాను.

బాణం కదిలింది. శ్రీదివ్య ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. రెండడుగులు వెనక్కి వేసి బుగ్గల మీద చేతులు పెట్టుకుంది.

నేను స్నానాలగదిని పట్టుకుని నేరుగా దేవుడి గదిలో పెట్టాను. హాల్లో ఒకావిడ "అయ్యయ్యో" అంది. స్నానాలగది చుట్టూ ఎర్రగీత వచ్చింది. అది మెల్లగా, నొచ్చుకోకుండా, తన చోటికి తానే జరిగి వెళ్ళిపోయింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ పోయింది. నాకు రోషం వచ్చింది. మెట్లు తీసుకెళ్ళి పొయ్యి మీద పెట్టాను. 'ఈ మెట్లు ఎక్కడికి వెళ్ళాలి?' అని ఒక చిన్న కాగితం లాంటిది తెర మీద లేచింది. కోపం లేకుండా అడిగింది. మా బడిలో ఒక్క మాస్టరైనా నన్ను అలా అడిగి ఉంటే నేను తొమ్మిదికి పోయేవాణ్ణి.

ఆ తరువాత ఏమైందో నాకే తెలియదు. చెడగొట్టడం మానేశాను. ముప్పై ఏళ్ళుగా చిక్కడపల్లిలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉంటున్నాను. పద్మ వంట చేస్తుంటే పొగంతా పడకలోకే వస్తుంది. తెర మీద వంటగదిని చివరికి జరిపాను. దానికి పెద్ద కిటికీ పెట్టాను. రోడ్డు వైపు వరండా లాగాను. చిన్నగా ఉందని దాని అంచు పట్టుకుని సాగదీశాను. కూర్చుని వచ్చేపోయేవాళ్ళను ఆటపట్టించడానికి ఆ మాత్రం జాగా ఉండాలి కదా. మెట్లు వరండా పక్కన పెట్టాను. ఈసారి ఏ కాగితమూ లేవలేదు.

హాలంతా కొయ్యబారిపోయింది. మనిషి లేకుండా ఇల్లు లేస్తోంది.

"హ్యాకింగ్!" అని అరిచాడు అఖిల్. ఎవరో పరుగెత్తి నెట్ వైరు పీకేశారు. బాణం ఆగలేదు, నేను వరండాకు స్తంభాలు పెడుతున్నాను. ముందు వరసలో ఒకతను కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

విజయశ్రీ గారు లేచి నిలబడ్డారు. "ఎవరు చేస్తున్నారిది?"

"నేను కాదు మేడం," శ్రీదివ్య రెండు చేతులూ పైకెత్తి చూపించింది. "పన్నెండు నిమిషాల సంది నేను మౌస్ ముట్టలే."

అని, కుర్చీల మధ్యలోంచి నడుచుకుంటూ నేరుగా నా దగ్గరికి వచ్చింది. నా టవల్ ఎత్తింది. ఎవరో లైట్లు వేశారు. నలభై తలలు ఒక్కసారి వెనక్కి తిరిగాయి. నా చెయ్యి ఇంకా మౌస్ మీదే ఉంది. ఆ పిల్ల ఎనిమిది నెలలు నేను పన్నెండు నిమిషాల్లో మింగేశానని అప్పుడు అర్థమైంది.

"తప్పయింది బిడ్డా," అన్నాను.

విజయశ్రీ గారు నా ముందుకొచ్చి నిలబడ్డారు. "మీరు ఏం చదువుకున్నారు?"

"ఎనిమిది మేడం. అది గూడ పూర్తిగ కాలే."

"కంప్యూటరు ఎక్కడ నేర్చుకున్నారు?"

"నేర్చుకోలే మేడం. మౌస్ జరుపుడొక్కటే వచ్చు. అది గూడ దొంగతనంగ."

"ఈ అమ్మాయి మీకు ఇది ముందు చూపించిందా? నిజం చెప్పండి."

"మా పద్మ మీద ఒట్టు మేడం. గా ఇల్లు నేను ఇంతకుముందు కలల తప్ప యాడ చూడలే."

ఆవిడ తెర వైపు తిరిగి నా వరండాను చాలాసేపు చూశారు. మళ్ళీ నా మొహం చూశారు. పుస్తకంలో ఏదో రాసుకున్నారు.

"లేచి వెళ్ళిపోలేదే," అన్నారు తనలో తనే అనుకుంటున్నట్టు. తరువాత శ్రీదివ్యతో, "రేపు మా ఆఫీసుకు రా అమ్మా. కాగితాలు రాసుకుందాం," అని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

హాలు ఒక్కసారిగా గోలగోలైంది. శ్రీదివ్య మాత్రం అక్కడే కుర్చీలో కూలబడి, ఇందాకటి నుంచి తాగని నీళ్ళు గటగటా సీసా అంతా తాగేసింది. నేను పక్కన నిలబడి టవల్‌తో మొహం తుడుచుకున్నాను.

"నీ అదృష్టం మంచిగుంది బిడ్డా. నేను ఖరాబ్ చేద్దామని కూసుంటె నీకు మంచి జరిగింది."

"అదృష్టమా అంకుల్? పోయిన నెల అశోక్‌నగర్‌ల నేను లేటుగ వచ్చి మీ పక్క తలుపు కాడ నిలబడ్డ. టవల్ కింద ఎలుక దూరిందనుకున్న ముందుగాల."

నా చేతిలో టవల్ అలాగే ఆగిపోయింది. "మరి గప్పుడే ఎందుకు చెప్పలే?"

"చెప్తే ఇయ్యాల మీరు మౌస్ తెస్తుంటిరా?"

"అంటె... ఎవ్వరితోని కాదు అని మైకుల నువ్వు అన్నది..."

"మీ కోసమే అన్న అంకుల్. జర లేటు చేసిన్రు, ఇంకోసారి అనాల్నేమో అనుకున్న."

వైర్లు చుట్టుకున్నాను, ప్రొజెక్టర్ సంచిలో పెట్టుకున్నాను. విద్యాసాగర్ కాగితాలు దాచడానికి గోడ పక్కనున్న ఇనుప బీరువా తెరిచాడు. లోపల కొత్త ప్రొజెక్టర్, నా దానికంటే పెద్దది, ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా తళతళలాడుతోంది.

"ఇదేంది విద్యాసాగర్?"

"ఇన్‌స్టిట్యూట్ వాళ్లది అంకుల్. హాలుతోని పాటు ఫ్రీగ ఇస్తరు."

"ఇది ఉండంగ నన్నెందుకు కిరాయికి పిలిచిన్రు?"

విద్యాసాగర్ బీరువాకు తాళం వేసి, చాలా వినయంగా నా వైపు తిరిగాడు.

"మిమ్మల్నే పిలిచినం అంకుల్. ప్రొజెక్టర్ మీరే తెచ్చుకున్నరు."