మంచం ఇచ్చేశాక

పక్కన కూర్చున్నవాళ్ళే వినని ప్రార్థనను దేవుడు మాత్రం ఎందుకు వినాలి? ఈ సందేహం మిషనమ్మను పట్టుకుని చాలా ఏళ్ళయింది. పాస్టరుగారిని అడుగుదామనుకునేది. ఆయన కూడా సగంలోనే "సరేనమ్మా, ప్రార్థన చేద్దాం" అంటారేమోనని ఊరుకునేది.

మిషనమ్మ కుట్టుమిషను మీద ఆడవాళ్ళ బట్టలు కుడుతుంది. సంఘంలో సగం జాకెట్లు ఆమె చేతిమీదుగా వెళ్ళినవే. ప్రతి శుక్రవారం సాయంత్రం కత్తెర పక్కన పెట్టి, గృహప్రార్థనకని సోఫాల పెద్దాయన ఇంటికి వెళుతుంది. ఆయన సంఘ పెద్ద. ఫర్నిచర్ షాపు నడుపుతాడు. సొంత ఇంట్లో సోఫాలకు మాత్రం కొన్ననాటి ప్లాస్టిక్ తొడుగులు ఇంకా తియ్యలేదు. ఎవరు కదిలినా అవి కరకరమంటాయి. ఈ మనుషుల కంటే ఆ తొడుగులే నయం, బరువు మోపితే కనీసం పలుకుతాయి అనుకునేది మిషనమ్మ. అలా అనుకున్నందుకు క్షమించమని వెంటనే దేవుణ్ణి వేడుకునేది. అభిప్రాయం మాత్రం మార్చుకునేది కాదు.

అక్కడి పద్ధతి ఇది. ముందు ఒక్కొక్కరూ తమ ప్రార్థన అంశం చెప్పాలి. చివర్లో పెద్దాయన అన్నింటినీ కలిపి ఒకే ప్రార్థనగా చేస్తాడు. ఒకరు చెబుతుంటే మిగతావాళ్ళు తమ వంతుకు మాటలు పేర్చుకుంటూ ఉంటారు. బ్యాంకులో పనిచేసే ఆవిడ కొడుకు మార్కుల కోసం కన్నీళ్ళు ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని వస్తుంది. పెద్దాయన బొటనవేలితో ఫోను పైకి తోస్తూ, ఎవరు ఆగినా "ప్రభువుకు స్తోత్రం" అంటాడు.

ఆ శుక్రవారం బ్యాంకు ఆవిడ తర్వాత ఆయా వంతు వచ్చింది. ఆమె చిన్నపిల్లల బడిలో ఆయా. భర్త పక్షవాతంతో ఏళ్ళ తరబడి మంచానికే అతుక్కుపోయాడు. "మంచాన ఉన్న ఈ సహోదరి భర్తను లేపు తండ్రీ" అన్నది ఆ ఇంటి గోడ గడియారం లాంటి మాట. ప్రతి వారం మోగుతుంది, ఎవరి చెవికీ తగలదు. ఈమధ్యే ఆయన చనిపోయాడు. అప్పుడు పెద్దాయన సువార్త కూటాలకని పొరుగూరు వెళ్ళి ఉన్నాడు. తిరిగొచ్చాక ఎవరో ఒకరు చెప్పే ఉంటారని అందరూ అనుకున్నారు. అందుకని ఎవరూ చెప్పలేదు.

"మావారు చనిపోయారండి," అంది ఆయా, అందరికీ వినబడేలాగే. "సమాధి చేశాం. పగలు బడిలో గడిచిపోతోంది. సాయంత్రమైతే ఇంట్లోకి అడుగు పెట్టబుద్ధి కావట్లేదు. నాకోసం ప్రార్థన చెయ్యండి."

"ప్రభువుకు స్తోత్రం," అన్నాడు పెద్దాయన.

పక్కనే కాంట్రాక్టరు గొంతు సవరించుకున్నాడు. తన ఇంటి మూడో అంతస్తు కోసం ప్రార్థించమన్నాడు, కింది రెండూ ఎంత బాగా వచ్చాయో వర్ణించి మరీ.

అందరూ కళ్ళు మూసుకున్నారు. పెద్దాయన మార్కులు ఇప్పించాడు, మూడో అంతస్తుకు తలుపులూ కిటికీలూ కూడా పెట్టించాడు. ఆ ఊపులోనే, "మంచాన ఉన్న ఈ సహోదరి భర్తను లేపు తండ్రీ. ఈ వారమే లేపు," అన్నాడు.

"ఆమేన్," అన్నారు అందరూ. సమాధిలో పిడికెడు మట్టి వేసి వచ్చినవాళ్ళూ అన్నారు. మిషనమ్మ కూడా అంది. అన్నాక తన నోటి మీద తనకే రోత పుట్టింది.

ఆయా కళ్ళు తెరిచింది. "ఇప్పుడు లేపితే ఎక్కడ పడుకోబెట్టేదండీ," అంది. "మంచం కూడా ఇచ్చేశాం."

తొడుగులు కరకరమన్నాయి. బ్యాంకు ఆవిడ వంగి పెద్దాయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన ముఖం కందిపోయి, అంతలోనే సర్దుకుంది.

"మాట అటూ ఇటూ అయినా దేవునికి అన్నీ తెలుసమ్మా," అన్నాడు.

"ఆయనకు తెలుసు అన్నగారూ," అంది మిషనమ్మ. "అక్క చెప్పింది మాత్రం మనకి."

"అందుకే ఆదరణ కోసం ఇంకోసారి చేద్దాం. కళ్ళు మూసుకోండి."

అందరూ హాయిగా మూసుకున్నారు. ఆయా ముఖం చూసే బాధ తప్పింది. ఆయా మాత్రం లేచి, చప్పుడు చెయ్యకుండా బయటికి నడిచింది.

ఇప్పుడు గుమ్మం దిగితే మళ్ళీ ఎక్కదని మిషనమ్మకు తెలుసు. కాని ప్రార్థన మధ్యలో లేచిపోవడం ఆ సంఘంలో ఎవరూ చెయ్యని పని. పైగా ఈ ఆడవాళ్ళు రేపు జాకెట్లకు ఇంకో షాపు చూసుకున్నా చూసుకుంటారు.

ఏళ్ళ కిందట కడుపులో బిడ్డ పోయి మిషనమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఈ గదిలోవాళ్ళందరూ వచ్చి తలమీద చెయ్యి వేసి ప్రార్థించి వెళ్ళారు. ఆయా ఒక్కతే స్టూలు లాక్కుని, "చెప్పు," అంది. మిషనమ్మ చెప్పింది. పుట్టని బిడ్డకు కుట్టిపెట్టిన చొక్కాల సంగతి కూడా చెప్పింది. ఆయా ఒక్క సలహా ఇవ్వలేదు. వెళ్ళేటప్పుడు, "ఊరికే వినలేదు, నాకు బాకీ పడ్డావు," అని నవ్వించింది. అప్పటినుంచీ షాపు ముందు కనబడినప్పుడల్లా, "నా బాకీ ఏదే?" అనేది. "ఈ జాకెట్ అయిపోనీ అక్కా," అనేది మిషనమ్మ. అది వేళాకోళం కాదేమోనన్న ఆలోచన ఇన్నేళ్ళలో ఒక్కసారీ రాలేదు.

మిషనమ్మ లేచింది. తొడుగు కరకరమంది. ఎవరో ఒక కన్ను తెరిచి చూశారు.

ఆయా మెట్లు దిగుతోంది.

"అక్కా, కూర్చో. చెప్పు."

"ఏం చెప్పను? లోపల చెప్పానుగా."

"నేను ఆమేన్ కూడా అన్నాను. నేను విన్నట్టేనా? మళ్ళీ చెప్పు."

"జాకెట్లు లేవా నీకు?"

"ఉన్నాయి. ఉండనీ."

ఆయా మెట్టు మీద కూలబడింది. "మంచం ఉన్నచోట నేల రంగు వేరుగా ఉందే. దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి వంటగదిలోకి పోతున్నాను. పిచ్చి కదూ?"

మిషనమ్మ నోటిదాకా ఒక బైబిలు వాక్యం వచ్చింది. మింగేసింది. "తర్వాత?" అంది.

ఆయా చెప్పుకుంటూ పోయింది. ఆయన్ని పక్కకు తిప్పే వేళకు తన చేతులు ఇప్పటికీ వాటంతటవే లేస్తున్నాయంది. అంత కష్టపెట్టిన మనిషి లేకపోతే సుఖంగా ఉండాలి కదా, ఎందుకు లేదు అంది. లోపల ఎప్పుడో ఆమేన్ అయింది. ఒక్కొక్కరే వాళ్ళను దాటుకుని వెళ్ళారు. "ప్రార్థించుకుంటున్నారా? మంచిది, మంచిది," అన్నాడు కాంట్రాక్టరు, ఆగకుండానే.

చివరికి ఆయా ముఖం తుడుచుకుంది. "ఇక ఇంటికి పోగలనే."

"నేనూ వస్తాను. ఆ నేల చూస్తాను."

"రా," అంది ఆయా, ఆమె భుజం పట్టుకుని లేస్తూ. "నీ బాకీ మాత్రం ఇక్కడికి చెల్లు. ఇంట్లో వినేది కొత్త లెక్క."