ఫొటో రాకపోతే కనబడే మాటలు

మా ఆడపడుచు కూతురు నీలిమ పెళ్లి నరసరావుపేటలోనే జరిగింది. ఆ ఫొటోలన్నీ నా సొంత వెబ్ పేజీలో పెట్టాను. నిజానికి ఆ పేజీ పచ్చళ్ల కోసం తెరిచింది. పేజీ చూడటానికి వచ్చేవాళ్లకంటే పచ్చడి అడగడానికి ఇంటికొచ్చేవాళ్లే ఎక్కువ కాబట్టి, అందులో పెళ్లి పెట్టినా నష్టం లేదనిపించింది.

మొదటి ఫిర్యాదు పక్కింటి నుంచే వచ్చింది. షాహిదా గారమ్మాయి నిఖత్ హైస్కూల్లో సోషల్ టీచరు. పుట్టుకతోనే చూపు లేదు. తెరమీద ఉన్నదాన్ని ఫోను పైకి చదువుతుంటే విని అన్ని పనులూ చేసుకుంటుంది.

"అక్కా, మీ పెళ్లి ఎట్టుందో వినండి" అంటూ ఫోను నా చెవికి ఆనించింది.

"ఫొటో. ఐఎంజీ, అడ్డగీత, రెండు, సున్నా... ఫొటో. ఐఎంజీ, అడ్డగీత..." ఫోనులోని ఆడగొంతు ఫొటోల ఫైలు పేర్లను ఆస్పత్రిలో టోకెన్లు పిలిచినట్టు పిలుస్తోంది.

"నేనూ పెళ్లికొచ్చా కదా. మండపంలో ఎవర్నడిగినా 'చానా బాగుందమ్మా' అన్నారు. ఏది బాగుందో ఒక్కరూ చెప్పలా. మీరు ఫొటో పెట్టేకాడ ఇంకో గడి ఉంటది. ఫొటోలో ఏముందో అందులో రాస్తే నా ఫోను చదువుద్ది. బాగుందని మాత్రం రాయొద్దు. మీరు చూసింది రాయండి."

చూసింది చెప్పమని పెళ్లయినప్పటి నుంచీ నన్ను ఎవరూ అడగలేదు. చూసినా చూడనట్టుండమనే అందరూ చెప్పారు. పైగా ఆ గడిలో రాసినవి పేజీలో పైకి కనబడవు. ఇంకేం కావాలి?

రాయడం మొదలుపెట్టాను. మా ఆయన మస్తాన్‌రావు ఫొటోకి, "పెళ్లికూతురి మేనమామ. కొత్త చొక్కా. పొట్టమీది గుండీ ఊపిరి బిగబట్టి నిలబడింది" అని రాశాను. కాసేపటికి గోడవతల నుంచి నవ్వు వినబడింది. వంట చేస్తూ కూడా రాశాను. ఒకరోజు పప్పు మాడింది. మాడిందని ఎవరికీ చెప్పలేదు, తిన్నవాళ్లకు తెలిసింది.

ఆదివారం మధ్యాహ్నం నిఖత్ మా ఇంట్లో కూర్చుని కొత్తగా రాసినవి వింటుండగా రెంటచింతల నుంచి ధనలక్ష్మి వదిన ఫోను చేసింది. మా ఆయన అక్క, పెళ్లికూతురి తల్లి. స్పీకర్ పెట్టి ఎత్తాను.

"ఏమే, ఏందే ఇది? ఫొటోలు రావట్లా! వాటి బదులు ఏందో రాతలు వస్తన్నయ్. మా తమ్ముడి గుండీ ఊపిరి బిగబట్టిందంట!"

నా ఊపిరి కూడా అదే పని చేసింది. ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి నిఖత్ వైపు తిరిగాను.

"సిగ్నల్ సరిగ్గా లేక ఫొటో రాకపోతే, దాని చోట ఆ మాటలు కనబడతాయక్కా" అంది తాపీగా.

"ముందే చెప్పొద్దా తల్లీ?"

"కనబడేవాటి సంగతి నన్నడిగితే ఎట్టా?"

అవతల వదిన ఆగడం లేదు. "వియ్యపురాలు వచ్చుంది. పెళ్లి ఫొటోలు చూపిస్తానని నేనే గొప్పకు పోయా. ఒకటి నేను చదివితే విని, మిగతావి తన ఫోన్లో తనే చదువుకుంటానని కళ్లజోడు కోసం అల్లుణ్ని కారుకాడికి పంపింది. ఆమె గురించి ఏం రాసి చచ్చావో చెప్పు ముందు!"

పెళ్లికొడుకు గోపీచంద్ తల్లి సామ్రాజ్యం గారికి షుగరు. తీపి ముట్టి ఏడాదైందని పెళ్లిలో అందరికీ చెప్పారు. భోజనాల ఫొటోకి నేను రాసింది ఇదీ: "పెళ్లికొడుకు తల్లి. విస్తట్లో రెండో బొబ్బట్టు. చెయ్యి అడ్డం పెట్టారు గానీ నెయ్యి దాగలేదు."

చదివి వినిపించాను. వదిన గొంతు తగ్గించింది. "తీసెయ్యవే! పిల్ల కాపరానికెళ్లి నెల కూడా కాలా!"

తీసేశాను. భయం పట్టుకుంటే ఒక్కదానితో ఆగదు. ముందూ వెనకా ఉన్నవన్నీ తీసేశాను. ఆ పక్కనే నిఖత్ ఫోను మళ్లీ మొదలుపెట్టింది: "ఫొటో. ఐఎంజీ, అడ్డగీత..."

నిఖత్ దాన్ని ఆపి హ్యాండ్‌బ్యాగులో పెట్టేసుకుంది.

"పర్లేదక్కా. నీలిమ కాపరం ముఖ్యం" అంది. బ్యాగు జిప్పు లాగి, "మొత్తానికి పెళ్లి చానా బాగుందన్నమాట" అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. నేను రాసినవాటిలో వెటకారం ఉంది, ఒప్పుకుంటాను. అబద్ధం మాత్రం లేదు. ఈ పెళ్లి నిఖత్ దాకా చేరిన దారి అదొక్కటే. తీసినవన్నీ మళ్లీ పెట్టాను. నెయ్యితో సహా పెట్టాను.

"తీశావా?" అంది వదిన.

"తీశాను వదినా." తీసిన మాట నిజమే. మళ్లీ పెట్టానా అని ఆవిడ అడగలేదు.

అంతలో అవతల కారు తలుపు చప్పుడు. కళ్లజోడు వచ్చింది. సామ్రాజ్యం గారు కూడబలుక్కుంటూ చదవడం ఫోనులో వినబడుతూనే ఉంది. "పెళ్లికొడుకు తల్లి... విస్తట్లో..." అక్కడ ఆగిపోయారు. వదిన దేవుణ్ని పిలిచింది. నేనూ పిలిచాను.

"ఏమ్మా, ఇది రాసింది నువ్వేనా?" ఫోను సామ్రాజ్యం గారి చేతికి వెళ్లిపోయింది.

"నేనేనండి."

"ఎవరికోసం రాశావు?"

నేను నోరు తెరిచేలోపు నిఖత్ ముందుకు వంగింది. "నాకోసమండి. నాకు కళ్లు కనబడవు. ఉన్నదున్నట్టు రాయమని నేనే అడిగా."



"మరి అట్టాంటప్పుడు తప్పు రాస్తే ఎట్టమ్మా?" అన్నారు సామ్రాజ్యం గారు. "అది రెండోది కాదు, మూడోది."

"అమ్మా!" గోపీచంద్ కేక ఇక్కడిదాకా వినబడింది.

"నువ్వుండరా. ఆ పిల్లకి ఫొటోలు చూపిస్తన్నా" అని కొడుకును కసిరి, మళ్లీ మావైపు తిరిగారు. "స్టేజీ మీద అందరం నిలబడి ఫొటో దిగాం కదా, దానికి ఏమీ రాయలేదేం? నీకు మావాళ్లు తెలియరు కదూ. నేను చెప్తా, రాసుకో. వెనక వరసలో ఊదారంగు పట్టుచీర మా తోడికోడలు."

నిఖత్ కుర్చీని బరబరా దగ్గరకు లాక్కుంది.

"చీర సంగతి తర్వాతండి, ముందు ఆవిడ మొహం ఎట్టుందో చెప్పండి!"