అత్త గది తలుపు

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో అమ్మ ఉంది, వంటగదిలో టీ గిన్నె దగ్గర. నాన్న ఉన్నాడు, వసారాలో పేపరు మొహం మీద కప్పుకుని. ముందుగదిలో అన్నయ్య, అన్నయ్య స్నేహితురాలు కాకమ్మ, వాళ్లిద్దరికీ బొమ్మలు నేర్పిన డ్రాయింగు మాస్టారు ఉన్నారు. ఆ గది గుమ్మంలో, లోపలా కాకుండా బయటా కాకుండా, పదో తరగతి చదివే ఇంటి ఆడపిల్ల నిలబడి ఉంది. పెరటివైపు గదిలో నాన్న చెల్లెలు కుట్టుమిషను తొక్కుతోంది. ఇంట్లో ఎవరెవరున్నారని అడిగితే అమ్మ కూడా ఈ వరుసలోనే చెప్పేది. అత్త చివర్లో వచ్చేది. ఒక్కోసారి అసలు వచ్చేది కాదు.

అత్త గదికి తలుపు ఉంది గాని, పగటిపూట అది మూసి ఉండగా ఎవరూ చూడలేదు. అన్నయ్య గదిలోకి వెళ్లాలంటే తలుపు తట్టాలి. అమ్మానాన్నల గది ముందు ఒకసారి దగ్గాలి. అత్త గదిలోకి మాత్రం ఎవరికి ఏం కావాలన్నా నేరుగా వెళ్లిపోయేవారు. పాడైన ఫ్యాను అక్కడే, మడతమంచం అక్కడే. ఎవరూ తొడుక్కోని పాతబట్టల మూట ఒకటి తలుపు రెక్కకు అడ్డంగా పడి ఉండేది. రాత్రి దాన్ని పక్కకు లాగితే తప్ప మూద్దామన్నా ఆ తలుపు మూసుకునేది కాదు. “తనొక్కతేగా, బోలెడు చోటుంది” అనేది అమ్మ. ఆ మాటలో చెడు ఉద్దేశమేమీ లేదు. అందుకే అందులోని తప్పు ఎవరికీ కనిపించలేదు.

అత్త పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగిన వాళ్లకు “నాకు ఇష్టం లేక” అని చెప్పింది. ఆ జవాబు మరీ చిన్నదిగా ఉందనేమో, వీధి దాన్ని ఒప్పుకోలేదు. ఎవరో మోసం చేశారని ఒకరు, లోపల ఏదో జబ్బుందని ఒకరు, అన్న పట్టించుకోలేదని ఇంకొకరు, తలా ఒక కథ అల్లారు. కథలు వేరైనా చివరి మాట అందరిదీ ఒకటే. “పాపం!”

ఇక ముందుగదిలో ఏం జరుగుతోందో చూద్దాం.

వచ్చే వారం ఊరి లైబ్రరీ మేడమీద కొత్తగా బొమ్మలు వేస్తున్నవాళ్లవి, ఫోటోలు తీస్తున్నవాళ్లవి ప్రదర్శనకు పెడుతున్నారు. ఏవి పెట్టాలో మాస్టారు చూసి చెప్పాలి. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉంది. బొమ్మను గోడకు ఆనించి పెట్టాలి. ముందు చూసినవాళ్లు తమకేం కనిపించిందో చెప్పాలి. అప్పటిదాకా వేసినవాళ్లు నోరు విప్పకూడదు. ఆ తర్వాతే, ఇది ఎందుకు చేశాను, ఏది చూసి చేయాలనిపించింది అని చెప్పుకోవాలి.

అన్నయ్య ఫోటోలన్నీ తాళాలే. తుప్పు పట్టినవి, కొత్తవి, తాళంచెవి పోయి తాడుతో కట్టినవి.

“ఇన్ని తాళాలేంట్రా? దొంగతనానికి వెళ్తున్నావా?” అంది కాకమ్మ.

“మూసిన తలుపు చూస్తే లోపల ఏముందో అనిపిస్తుంది. తీసిన తలుపును ఎవరు చూస్తారు?” అన్నాడు అన్నయ్య.

కాకమ్మకు ఆ పేరు ఊరికే రాలేదు. ఆమె బొగ్గుతో కాకుల్ని తప్ప ఇంకేదీ గీయదు. ఎప్పుడు చూసినా చేతులు నల్లగా ఉంటాయి, ఒక్కోసారి ముక్కు కూడా. “కాకిని ఎవరూ రెండోసారి చూడరు మాస్టారూ. నేను చూద్దామనుకున్నా. ఒక్కోదానిది ఒక్కో నడక. మా వీధిలో ఒకటి అచ్చం మా మావయ్యలా నడుస్తుంది” అంది. మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వారు.

“ఏమే పిల్లీ, నీదీ పెట్టు” అన్నాడు అన్నయ్య చెల్లెలితో. అడుగుల చప్పుడు వినిపించదని ఇంట్లో అందరూ ఆ అమ్మాయిని పిల్లి అంటారు. నలుగురిలో మాట్లాడాలంటే ఆమెకు భయం. బళ్లో పేరు పిలిస్తే వచ్చానని చెప్పడానికి కూడా పక్కమ్మాయిని గిల్లుతుంది. అలాంటి పిల్లకు అన్నయ్య పాత కెమెరా చేతికొచ్చాక ప్రాణం లేచొచ్చింది. మాట్లాడకుండానే ఏదైనా చెప్పొచ్చని మొదటిసారి తెలిసింది. లైబ్రరీ గోడ మీద తన ఫోటో ఒక్కటి ఉంటే చాలని ఆమె కొన్నాళ్లుగా కలలు కంటోంది.

ఆమె ఫోటో గోడకు ఆనించింది. మిగిలినవాళ్లు దగ్గరికి జరిగారు.

ఫోటోలో ఒక గది. కిటికీలోంచి సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడుతోంది. కుర్చీలో ఒక స్త్రీ కళ్లు మూసుకుని కూర్చుంది. చెంప మీద ఒక చుక్క జారుతూ, ఎండకు మెరుస్తోంది. వెనక తిరగని ఫ్యాను, మడిచిన మంచం. ఫోటో కింద పిల్లి గుండ్రటి అక్షరాలతో పేరు రాసింది: “ఎవరూ లేరు.”

“అబ్బ! గుండె పిండేసినట్టుంది” అంది కాకమ్మ.

“ఆ ఫ్యాను చూడండి మాస్టారూ. ఆవిడ బతుకులాగే ఆగిపోయింది” అన్నాడు అన్నయ్య. రోజూ ఆ ఫ్యాను పక్కనుంచి నడిచి వెళ్లినా అతనికి ఆ మాట ఎప్పుడూ తట్టలేదు.

మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు. “ఇది పెడదాం. గుమ్మంలోకి రాగానే కనిపించేలా పెడదాం. నీకెలా తట్టిందమ్మా ఇది?”

పిల్లి చెవులు వేడెక్కాయి. అయినా మాట బయటికి వచ్చింది. “మా అత్త... రోజూ సాయంత్రం అలా కూర్చుని ఏడుస్తుందండీ. పెరట్లోంచి చూశాను.”

ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. చూసిందే చెప్పింది. కాని చదివేవారు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. “పాపం, తనకెవరున్నారు?” అన్న మాట ఆమె పుట్టినప్పటి నుంచీ వింటోంది. కంటికన్నా ముందు ఆ మాటే ఆ గదిలోకి వెళ్లి కూర్చుంది. కెమెరా వెనకాలే వెళ్లింది.

అంతలో పెరటివైపు నుంచి అత్తే వచ్చింది. చేతిలో పెద్ద నల్లగుడ్డ మడత. బొమ్మల వెనక గోడకు కట్టడానికి దాని అంచులు కుట్టమని మాస్టారే ఇచ్చారు.

“మాస్టారూ, మీ గుడ్డ తయారు. ఒక మూల కత్తెర సరిగ్గా పడలేదు, మడిచి కుట్టేశాను. ఎవరికీ కనిపించదులెండి” అంటూ మంచం మీద పెట్టబోయి, గోడవైపు చూసి ఆగింది.

అన్నయ్య దగ్గాడు. కాకమ్మ తన గోళ్లు చూసుకుంది. మాస్టారికి మాత్రం అలవాటైన ప్రశ్న నోట్లోంచి వచ్చేసింది. “మీకేం కనిపిస్తోందమ్మా ఇందులో?”

అత్త దగ్గరికి వెళ్లి వంగి చూసింది. “చుక్కల మందు” అంది.

“ఏంటీ?”

“కంట్లో వేసుకునే మందండీ. ఈ కన్ను ఎర్రబడితే డాక్టరు రాసిచ్చాడు. నా చేత్తో నేనే వేసుకుంటానా, సగం కంట్లో పడుతుంది, సగం చెంప మీద పడుతుంది. కళ్లు మూసుకుని కాసేపు కదలకుండా కూర్చోమన్నాడు. కూర్చున్నాను.”

“మరి రోజూ సాయంత్రం...” అంది పిల్లి, వినీ వినపడకుండా.

“రోజూ వేసుకోమన్నాడు మరి!”

కాకమ్మ ఆపుకోలేక పకపకా నవ్వింది. అత్త కూడా నవ్వింది. నవ్వుతూనే ఫోటో కింద రాసింది చదివింది. అప్పుడు ఆ నవ్వు ఆగిపోయింది.

“ఎవరూ లేరా? ఎవరికే?” అని అడిగింది.

పిల్లి తల వంచుకుంది.

“పేరుదేముంది అత్తా, మార్చేద్దాం. ఫోటో మాత్రం అదిరింది. నువ్వు కాదనకు” అన్నాడు అన్నయ్య.

“పేరు మారిస్తే చూసేవాళ్ల బుర్రలు మారతాయట్రా? లైబ్రరీకి వచ్చేది మన వీధివాళ్లేగా” అంది అత్త. గొంతు పెంచలేదు. “పాపం అన్న మాట వదిలించుకోవడానికి నా సగం వయసు అయిపోయింది. ఈమధ్యే కాస్త మరిచిపోయారు. వస్తున్నారు, కొలతలిచ్చి పోతున్నారు, కథలు అడగట్లేదు. ఇప్పుడు మీరు ఆ మాటకే ఫ్రేము కట్టించి గోడకు మేకు కొడతారా? పైగా దాని వెనక గుడ్డ కూడా నాచేతే కుట్టించారు!”

వంటగదిలోంచి టీ కప్పులు తెచ్చిన అమ్మ వాటితోనే గుమ్మంలో ఆగిపోయింది.

మాస్టారు ఆ ఫోటోను మళ్లీ వంగి చూశారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. “తప్పు ఈ పిల్లది ఒక్కదానిదే కాదు, నా పద్ధతిలోనే ఉంది. చూసినవాళ్లు మాట్లాడతారు, చేసినవాళ్లు మాట్లాడతారు. బొమ్మలో ఉన్నవాళ్లకు నేను వంతే పెట్టలేదు. కాకిని అడగలేం. తాళాన్నీ అడగలేం. మనిషిని అడగొచ్చు కదా! కెమెరాకు కన్నుంది గాని చెవి లేదు. ఆ చెవి మనమే పెట్టుకోవాలి.” పిల్లివైపు తిరిగారు. “కాని దీన్ని నేను తీసెయ్యను. ఫోటో నీది, మొహం ఆవిడది. ఏం చేయాలో నువ్వే చెప్పు. రేపు పొద్దున లైబ్రరీవాళ్లకు పంపాలి.”

పిల్లి దగ్గర ఇంకో ఫోటో లేదు. గేటు మీద ఉడుత, బకెట్లో నీడ, అన్నీ మసకమసకగా వచ్చినవే. ఇది తీసేస్తే ఆ గోడ మీద తనకు చోటు లేదు. అది ఆ గదిలో అందరికీ తెలుసు. అత్తకూ తెలుసు. అందుకే అత్త ఇంకేమీ అనకుండా తన గదికి వెళ్లిపోయింది.

పిల్లి ఫోటో తీసుకుంది. అన్నయ్య “ఒసేయ్, ఆలోచించుకోవే” అంటున్నా వినకుండా పెరటివైపు నడిచింది. కెమెరా మెడలో వేలాడుతోంది. అత్త గది ముందు ఆగి, తెరిచే ఉన్న తలుపును వేళ్లతో తట్టింది.

మిషను ఆగింది. “తీసే ఉందిగా, ఏంటే ఆ తట్టడం?”

“లోపలికి రావచ్చా అత్తా?”

ఆ ఇంట్లో ఆ ప్రశ్న అత్తను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. జవాబు వెతుక్కోవాల్సి వచ్చింది. “ఆ... అక్కడే ఉండి చెప్పు” అంది చివరకు, తనకే కొత్తగా ఉన్నట్టు.

పిల్లి గడప బయటే నిలబడి ఫోటో చాపింది. “ఇది నీ దగ్గరే ఉంచుకో. పెట్టను.”

అత్త అందుకుని, ఈసారి తీరిగ్గా చూసింది. “వెలుగు మాత్రం బాగా పట్టావే” అంది. తర్వాత, “నీదేం పెడతారు మరి లైబ్రరీలో?” అని అడిగింది.

“ఏమీ లేదు. వచ్చే ఏడు చూస్తా.” పిల్లి కెమెరా పట్టీ సర్దుకుంది. “అత్తా, డాక్టరు అలా కూర్చోమన్నప్పుడు నువ్వేం ఆలోచిస్తావు?”

అత్త పకాలున నవ్వింది. “ఇన్నేళ్లకు అడిగావా! ఎవరి జాకెట్టు ఎక్కడ బిగుతైందో ఆలోచిస్తా. ఒక్కోసారి ఏమీ ఆలోచించను. అది ఇంకా బాగుంటుంది.”

“నీ ఫోటో ఒకటి తీసుకోనా? దొంగచాటుగా కాదు, ఇప్పుడే. నువ్వెలా ఉంటే అలాగే.”

“నేనెలా ఉంటానో నీకు తెలుసా?”

పిల్లి ఆలోచించింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మనిషి. “తెలీదు” అంది.

“అయితే ఇవాళ వద్దు. తెలిశాక రా, అప్పుడు చూద్దాం. ఇప్పుడు నాకు కాసేపు ఒక్కదాన్నే ఉండాలనుంది.”

అత్త లేచి, తలుపుకు అడ్డంగా ఉన్న పాతబట్టల మూటను లాగి పిల్లి చేతుల్లో పెట్టింది. “ఇది మీ అమ్మకిచ్చెయ్. మడతమంచం, ఫ్యాను రేపు మీ అన్నయ్య వచ్చి పట్టుకెళ్తాడని చెప్పు.”

మూట పిల్లి గడ్డందాకా వచ్చింది. దాని పైనుంచి ఆమె కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. “కోపమా అత్తా?” అంది.

“కాదే పిచ్చి మొహమా. అడిగావు కాబట్టి వద్దన్నాను. అడగనివాళ్లకు వద్దని ఎలా చెప్పాలో నాకు ఇన్నేళ్లూ తెలియలేదు” అంది అత్త. ఆ మాట అని, పట్టపగలు, నవ్వుతూనే, పిల్లి మొహం మీదే తలుపు వేసుకుంది.