దానిమ్మ రంగు గీత

ఆ వీధిలో ఆమెను అందరూ చెల్లెమ్మ అనే పిలుస్తారు. తల నెరిసిన టైర్ల షాపాయన చెల్లెమ్మ అంటాడు, బడికెళ్ళే పిల్లలూ చెల్లెమ్మ అంటారు. గ్యారేజీ పెట్టినప్పుడు అన్నా చెల్లెలూ కలిసి పెట్టారు కాబట్టి ఆయన అన్న, ఈమె చెల్లెమ్మ. అన్న వెళ్ళిపోయి ఏళ్ళయింది, పిలుపు మాత్రం మిగిలింది. అన్న లేకుండా చెల్లెమ్మ ఏమిటని వీధిలో ఎవరికీ తోచలేదు. ఆమెకి మాత్రం రోజూ తోస్తుంది.

ఆయన వెళ్ళిపోయిన కారణం చెబితే నవ్వుతారు. ఆస్తి తగాదా కాదు, పెళ్ళి గొడవా కాదు. బుష్‌లు. చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప చేతులు బాడీకి కలిసే కీళ్ళ దగ్గర పిడికెడు రబ్బరు ముక్క ఉంటుంది, అది. వేగంగా పోయే కార్లకి ఆ రబ్బరు పీకేసి గట్టి ప్లాస్టిక్‌ది వెయ్యాలని అన్న పట్టుదల. స్టీరింగ్ మీద చెయ్యి కదిలీ కదలకముందే కారు తిరగాలంటాడు. ఆ కీలు అన్ని వైపులా మెసలాలి, ప్లాస్టిక్ వేస్తే బిగుసుకుపోతుంది, వేస్తే గట్టి రబ్బరే వెయ్యాలని చెల్లెలు. ఎవరిదో కారు లిఫ్ట్ మీద వేలాడుతుండగా మొదలైన వాదన, మధ్యాహ్నానికి బుష్‌లు దాటి నువ్వెంతంటే నువ్వెంతనే దాకా వచ్చింది. ఇద్దరికీ ముక్కు మీదే కోపం.

"నువ్వు పిలిచేదాకా ఈ షట్టర్ కిందికి రాను" అన్నాడు అన్న.

"నువ్వొచ్చేదాకా పిలవను" అంది చెల్లెలు.

ఇక చూసుకోండి. ఇద్దరూ మాట మీద నిలబడే మనుషులని వీధిలో మంచి పేరు. ఆ మంచి పేరు తగలెయ్య.

అన్న రేసు కార్ల వాళ్ళతో తిరుగుతున్నాడని ఎవరో చెప్పారు. ఎక్కడ అని ఆమె అడగలేదు. అడిగితే పిలిచినట్టవుతుందని పంతం. కానీ పొద్దున షట్టర్ ఎత్తేటప్పుడు ఇప్పటికీ కుడి కొస దగ్గరే నిలబడుతుంది. ఎడమ కొస ఆయనది. ఒక్క వైపు నుంచి ఎత్తితే షట్టర్ వంకరగా లేచి మధ్యలో పట్టేస్తుంది. అయినా మధ్యలో నిలబడి ఎత్తడం ఆమెకి చేతకాలేదు, మనసూ ఒప్పలేదు.

ఇలా రోజులు పోతుండగా పళ్ళ డాక్టరు తన కారు తీసుకొచ్చాడు. వారమంతా జనం నోళ్ళలోకి తొంగిచూసి, ఆదివారం రేస్ ట్రాక్ మీద ఊపిరి పీల్చుకునే మనిషి.

"ముందు వైపు అయిపోయిందండి. స్వే బార్, బుష్‌లు అన్నీ కొత్తవే. వెనక వైపు మీరు చెయ్యాలి. సామాను డిక్కీలో ఉంది."

"ముందు చేసినాయనే వెనకా చెయ్యొచ్చుగా?"

"అదే అన్నానండి. ట్రాక్ పక్కన షెడ్డులో ఉంటాడు. నేను ఏ వీధిలో ఉంటానో అడిగాడు. చెబితే, 'అక్కడో గ్యారేజీ ఉండాలే, ఉందా ఇంకా' అన్నాడు. ఉందన్నాను. 'అయితే వెనకది అక్కడే చేయించుకో, నాకు తీరిక లేదు' అన్నాడు. తీరిక లేని మనిషి నాతో బుష్‌ల గురించి అరగంట వాదించాడు."

"ఏమని?"

"నేను అన్నీ ప్లాస్టిక్‌వే వెయ్యమన్నాను. బార్‌ని పట్టుకునే చోట ప్లాస్టిక్ వేస్తాడట. చేతుల కీళ్ళకి మాత్రం గట్టి రబ్బరేనట. కాదంటే కారు తోలుకుపొమ్మన్నాడు."

చెల్లెమ్మ చేతిలో ఉన్న పానాని తుడిచిందే తుడిచి, సాయంత్రం రమ్మని డాక్టర్ని పంపించేసింది.

చెయ్యవలసిన పని వెనక వైపు. కారు లిఫ్ట్ మీద లేవగానే ఆమె కాళ్ళు మాత్రం ముందు వైపుకే పోయాయి. ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా వంపు తిరిగిన కొత్త స్వే బార్, పాతదానికంటే లావుది, మలుపులో కారు ఒరగకుండా ఆపేది. దాన్ని పట్టి ఉంచిన బోల్టుల మీద దీపం వేసి చూసింది. ప్రతి బోల్టు తల మీంచి పక్క ఇనుము దాకా సన్నటి గీత ఉంది. దానిమ్మ గింజ రంగు గీత. ఎడమచేతి వాటం మనిషి గీసినట్టు, చివర చిన్న తోక.

ఆమె దీపాన్ని ఇంకా దగ్గరికి తెచ్చింది.

అది గోళ్ళ రంగు. బోల్టు బిగించాక అలా గీత గీస్తే, తర్వాత బోల్టు ఏమాత్రం కదిలినా గీత విరిగి కనిపిస్తుంది. చాలామంది ఏదో ఒక రంగు పూస్తారు. ఈ రంగు మాత్రం ఆమెది. గ్యారేజీ పెట్టిన కొత్తలో మార్కింగ్ పెన్ను కనపడక అన్న ఆమె సంచిలోంచి సీసా తీసేశాడు. "నీ గోళ్ళకెలాగూ గ్రీజే కదే మొద్దూ, దీన్ని పనికొచ్చే చోట వాడదాం" అన్నాడు. ఆమె రెండు రోజులు మూతి ముడుచుకుంది. ఆ తర్వాత సీసా సామాన్ల పెట్టెలోనే కాపురం పెట్టింది. ఆయన వెళ్ళిన రోజున పెట్టెలో అది లేదు. గ్యారేజీ అంతా వెతికింది ఆమె, అదేదో బంగారమైనట్టు.

సీసా ఇన్నేళ్ళు ఉండదు, గడ్డకట్టిపోతుంది. అంటే మళ్ళీ కొన్నాడు. అయిపోయినప్పుడల్లా కొంటున్నాడు. ఏ ఫ్యాన్సీ షాపులోనో గ్రీజు చేతులతో నిలబడి, ఈ ఎరుపు కాదు ఆ ఎరుపు అని బొటనవేలి గోటి మీద రాసి చూసుకుంటున్న అన్న ఆమె కళ్ళ ముందు మెదిలాడు. నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే ఏడుపొచ్చింది. కారు కింద నిలబడి ఏడవడంలో ఒక సుఖం ఉంది, ఎవరైనా చూస్తే కంట్లో నలక పడిందనొచ్చు.

పని మొదలుపెట్టింది. వెనక పాత బుష్‌లు చీలి, పీచు పీచుగా ఊడొచ్చాయి. కొత్త రబ్బరువి ఎక్కించి, బోల్టులు వదులుగా ఉంచి, కారుని నేల మీదికి దించింది. రబ్బరు బుష్‌ని గాల్లో బిగించకూడదు. గాల్లో బిగిస్తే కారు దిగగానే రబ్బరు మెలిపడి, కొన్నాళ్ళకే చిరిగిపోతుంది. బరువంతా చక్రాల మీద పడ్డాక, కిందకి పాకి, అప్పుడు బిగించాలి. ఇది నేర్పిందీ ఆయనే.

కొత్త బార్ బిగించింది. ఇక మిగిలింది దాని కొసల్ని చక్రాల వైపు కలిపే లింకులు. ఆ కొసల్లో మూడేసి చిల్లులున్నాయి. చివరిదాంట్లో పెడితే మెత్తన, లోపలిదాంట్లో పెడితే గట్టి, మధ్యది మధ్యస్థం. వెనక మరీ గట్టిగా పెడితే మలుపులో కారు తోక జాడిస్తుంది. ముందు వైపు ఎలా పెట్టారో, ఏమనుకుని పెట్టారో ముందు చేసినవాణ్ణి అడగడమే పద్ధతి. ఎవరైనా అడుగుతారు. అడగడం పిలవడం కాదు కదా. ఇలా తనకి తాను నచ్చజెప్పుకుని, డాక్టరుకి ఫోన్ చేసి ఆ షెడ్డు నంబరు తీసుకుంది.

"ఎవరూ?"

గొంతు బొంగురుపోయింది. అయినా అదే గొంతు. వెనకాల ఏదో యంత్రం మోత.

"వెనక బార్ ఏ చిల్లులో పెట్టమంటావు?" అంది. బాగున్నావా లేదు, నేనే అనీ లేదు.

యంత్రం మోత ఆగింది.

"మధ్యదాంట్లో పెట్టు. ముందుది గట్టిగానే ఉంచాను. డాక్టరు కాస్త భయస్తుడు."

"సరే."

"బుష్‌లు నేల మీదే బిగించావా?"

"నేర్పిందెవరు?"

"మొద్దుకి ఎన్నిసార్లు నేర్పినా అంతేగా."

ఆ మాట ఆమెని ఇన్నేళ్ళుగా ఎవరూ అనలేదు. వీధి వీధంతా చెల్లెమ్మా చెల్లెమ్మా అని గౌరవించి, ఆమెని మొద్దు అనేవాళ్ళు లేకుండా చేసింది.

"రబ్బరు వేశావేం?" అని అడిగింది.

"నువ్వన్నదే నిజమని ఇక్కడికొచ్చిన ఏడాదే తెలిసింది."

"అప్పుడే చెప్పొచ్చుగా."

"పిలిస్తేగా."

ఇప్పుడు సరే అని ఫోన్ పెట్టేస్తే ఇంకొన్నేళ్ళు పోతాయి. పెట్టెయ్యడం ఎంత తేలికో ఆమెకి తెలుసు. ఇన్నాళ్ళూ చేసింది అదే.

"అన్నయ్యా" అంది. "రా."

అవతల ఏదో ఇనుప సామాను గలగలమంది. ఏడుస్తున్నాడో, పానా వెతుక్కుంటున్నాడో తెలియలేదు.

"ఇక్కడ సీసా అడుగంటింది" అన్నాడు చివరికి. "ఇంకోటి కొని ఉంచు."

ఆమె లింకుల్ని మధ్య చిల్లుల్లో పెట్టి బిగించింది. చేతులు కడుక్కోవడం కూడా మరిచిపోయి వీధి చివర ఫ్యాన్సీ షాపుకి వెళ్ళింది. అద్దాల బల్ల మీద ఉన్న ఎరుపులన్నీ తీయించింది. ఒక్కొక్కటీ బొటనవేలి మీద రాసుకుంటే గ్రీజు నలుపులో ఏ రంగూ తేలలేదు. అమ్మే అమ్మాయికి జాలేసి, తన గోటి మీద రాసి చూపించింది. నాలుగోది దానిమ్మ రంగు.

"ఇదే" అంది చెల్లెమ్మ.

ఆ అమ్మాయి ఆమె నల్లటి గోళ్ళకేసి చూసింది. "మీకేనాండీ?"

"కాదమ్మా, మా అన్నయ్యకి."