మూడు వందల ప్రశ్నలకు జవాబు

ప్రేమ్‌రాజ్ పాత కంప్యూటరు మూత విప్పి గోడకు ఆనించి, రంగులేసే చిన్న కుంచెతో లోపలి దుమ్ము దులుపుతున్నాడు. ముందు పంకా రెక్కలు, తర్వాత మెమరీ పలకలు, చివరికి కార్డుల మధ్య సందులు; ఆ వరుస ఎన్నడూ తప్పదు. ఆయనకు అరవై రెండేళ్లు. పొడుగు మనిషే. ముప్పై ఐదేళ్లు టైపు మిషన్ల మీదికి వంగి పనిచేయడం వల్ల మెడ ముందుకు సాగి, నిలబడి ఉన్నప్పుడు కూడా ఏదో చదువుతున్నట్టు కనిపిస్తాడు. చొక్కా చేతులకు మణికట్టు దాకా గుండీలు, కాలరు కింద మడత చేతిరుమాలు. కుడి చూపుడువేలి గోటిలో రిబ్బను సిరా ఇంకి, ఎంత తోమినా పోని నీలపు చార ఒకటి నిలిచిపోయింది.

ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, రెండో అంతస్తులో ఉన్న ఆ టైపు ఇన్‌స్టిట్యూట్‌కు ఆయన యజమాని కాడు, జీతగాడు. టైపు మిషన్ల కాలం పోయాక యజమాని కొత్త కంప్యూటర్లు కొనలేక, ఆఫీసులు వదిలించుకున్నవాటిని విరాళాలుగా అడిగి తెచ్చాడు. వాటిని బతికించే పని ప్రేమ్‌రాజ్ నెత్తిన పడింది. ఆయన దానిని భారమని అనుకోలేదు. యాభై ఎనిమిదేళ్ల వయసులో కొత్త విద్య నేర్చుకునే అవకాశం ఎంతమందికి దొరుకుతుందని సంతోషించాడు.

"సారూ, లేసిందా?"

మెట్లెక్కిన ఆయాసంతో యాదవ్వ గుమ్మంలో నిలబడింది. సన్నని మనిషి, అరచేతులు మాత్రం వెడల్పు. ఏళ్ల తరబడి ఫినాయిలు నీళ్లలో నాని, వేళ్ల చివర చర్మం తెల్లగా ముడతలు పడి ఉంది.

"ఇంక లేవలే యాదవ్వా. గా చెప్పులు మెట్ల మీద ఇడ్వకు, ఎవరన్న పడ్తరు."

"నా చెప్పులకు జారి పడ్డోళ్లు గా దవాఖానోళ్లయితే మంచిగుండు," అంటూ ఆమె చెప్పులు తెచ్చి తలుపు పక్కన పెట్టింది.

చాదర్‌ఘాట్ వైపు ఒక నర్సింగ్ హోమ్‌లో యాదవ్వ పదకొండేళ్లు ఊడ్చింది. తమను పర్మనెంటు చేయాలని అడిగిన నేరానికి రెండేళ్ల కిందట ఆమెతో కలిపి పద్దెనిమిది మందిని ఒకే రోజున గేటు బయట నిలబెట్టారు. కేసు నాంపల్లిలోని లేబర్ కోర్టుకు వచ్చేసరికి నర్సింగ్ హోమ్ వారు ఇంకొక అడుగు ముందుకు వేసి, వీరు తమ దగ్గర ఎన్నడూ క్రమంగా పనిచేయలేదని, హాజరు పుస్తకమనేది అసలు లేనేలేదని ప్రమాణపత్రం వేశారు. ఏడాదిలో రెండు వందల నలభై రోజులు పనిచేసినట్టు కాగితం చూపగలిగితే కేసు నిలుస్తుంది, లేకుంటే లేదు. న్యాయస్థానం రెండుసార్లు గడువిచ్చింది. మూడోది, చివరిది, ఈ రోజు మధ్యాహ్నం మూడున్నర.

ఆ కాగితం ఎక్కడ ఉందో కనిపెట్టింది చదువు రాని యాదవ్వే. పోయిన వారం అఫిడవిట్ మీద వేలిముద్ర వేయడానికి ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి, మూలన పడి ఉన్న ఈ కంప్యూటరును చూసి నిలబడిపోయింది. "గిది మా దవాఖానదే! గా గుమస్త బాబు దీని మీద ఊదుకడ్డి పెట్టి కాలవెట్టిండు, సూడున్రి. నేను రోజు తుడిచేదాన్ని. మా హాజరంత గిండ్లనే కొట్టేటోడు." మూత మీద రూపాయి బిళ్లంత నల్లమచ్చ ఉంది. బీరువాలో వెతికితే నర్సింగ్ హోమ్ వారి లేఖ కూడా దొరికింది: పేద విద్యార్థుల సహాయార్థం ఒక కంప్యూటరు, నంబరుతో సహా. దాతృత్వానికి ఫొటో తీయించుకునే తొందరలో లోపల ఏముందో తుడిచేయాలని వారికి గుర్తు రాలేదు.

అయితే యంత్రం తనంత తాను లేవడం మానేసి ఏడాది దాటింది. దాని డిస్కు ఇప్పుడెవరూ వాడని ఒక పాత కార్డుకు తగిలించి ఉంది; విప్పి మరో యంత్రంలో పెడదామన్నా పట్టదు. యంత్రాన్ని లేపడానికి లినక్స్ అనే ఉచిత వ్యవస్థ సీడీతో వచ్చిన తయారు ఫ్లాపీ పెట్టి చూస్తే, అది లోకంలోని కార్డులన్నిటినీ పేరుపేరునా పిలుస్తూ పోయి, ఎవరి పిలుపుకో ఈ పాత కార్డు బెదిరి, యంత్రం మొత్తం బిగుసుకుపోయింది. ఇక దారి ఒక్కటే. ఈ యంత్రంలో ఉన్నవారిని మాత్రమే పిలిచే కెర్నెల్‌ను తయారుచేయాలి.

కెర్నెల్ అంటే యంత్రంలోని ప్రతి భాగంతోనూ మాట్లాడే మూల ప్రోగ్రాము. ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద కొన్న లావుపాటి లినక్స్ పుస్తకం నుంచి ప్రేమ్‌రాజ్ దానిని కట్టడం నేర్చుకున్నాడు. కట్టడానికి ముందు అది మనిషిని ప్రశ్నలడుగుతుంది. ఈ కార్డు ఉందా? ఆ డిస్కు ఉందా? ఇట్లా సుమారు మూడు వందలు. ఉంటే వై, లేకుంటే ఎన్. ఒకటి తప్పితే వెనక్కి వెళ్లే వీలు లేదు. మొదటి నుంచి మళ్లీ రావాలి. కావలసిన చోటికి దూకే సులువైన పద్ధతి కూడా ఉంది గాని ప్రేమ్‌రాజ్ దానిని ముట్టడు. చిన్నతనంలో మెదక్ మిషన్ బడిలో, చర్చి సభ్యత్వానికి సిద్ధం చేసే కన్ఫర్మేషన్ తరగతిలో, పాస్టరుగారు అడిగే ప్రశ్నలకు చేతులు కట్టుకొని ఒకదాని వెనక ఒకటి జవాబు చెప్పినవాడు ఆయన. అడిగినదానికి జవాబివ్వకుండా దాటిపోవడం ఆయన దృష్టిలో మర్యాద కాదు.

పక్కనున్న బాగా నడిచే యంత్రం ముందు కూర్చొని పదింబావుకు మొదలుపెట్టాడు. పెదవులు కదులుతూనే ఉన్నాయి. సౌండు కార్డు, లేదు. నెట్‌వర్కు, లేదు. పాత డిస్కు కార్డు, ఉంది. అక్కడ వై రెండుసార్లు సరిచూసుకొని నొక్కాడు. లెక్కల సహాయం కావాలా అని అది అడిగింది. మూత మీద 486 అని రాసి ఉంది. ఆ రకం చిప్‌కు లెక్కలు చేసే భాగం లోపలే ఉంటుంది. ఎన్ అని నొక్కాడు. పదకొండు దాటాక కంప్యూటరు తన పని తాను మొదలుపెట్టింది. తెర మీద అక్షరాలు చీమలబారులా పైకి పాకసాగాయి. గంటన్నర పడుతుంది.

యాదవ్వ సద్దిమూట విప్పి, జొన్నరొట్టె తుంచి ఒక ముక్క ఆయన ముందు పెట్టింది.

"సారూ, కోర్టులకు పోతే మా వకీలమ్మ గూడ నా తోటి గింత మంచిగ మాట్లాడదు. గంతసేపు ఎందుకు కష్టపడ్తున్నవ్ మాకోసం?"

ఐదేళ్ల కిందట ప్రేమ్‌రాజ్ భార్య జిప్పోరా అదే నర్సింగ్ హోమ్‌లో పంతొమ్మిది రోజులు ఉండి కన్నుమూసింది. నర్సులు మందులిచ్చారు, డాక్టర్లు వచ్చి వెళ్లారు. కాని ప్రతి ఉదయం చీపురు మూలన పెట్టి, చేతులు కడుక్కొని, తడి దువ్వెనతో జిప్పోరా తలకు నిలువు పాపిడి తీసినది ఊడ్చే మనిషి. పాస్టరుగారు వచ్చే వేళకు జిప్పోరా పెళ్లినాటి ఫొటోలో వలె నీటుగా కనిపించేది. అది ఎవరూ జీతమిచ్చి చేయించిన పని కాదు.

"నా ఇంటామెకు నువ్వు తల దువ్వినవ్, యాదవ్వా. తొంభై ఏడుల."

"ఎందరికి దువ్విన్నో సారూ. యాదికి లేదు."

"నాకు యాదికున్నది. చాలు."

పావు తక్కువ ఒంటిగంటకు కెర్నెల్ సిద్ధమైంది. ఫ్లాపీలోకి ఎక్కించి పాత యంత్రంలో పెట్టి మీట నొక్కాడు. తెర వెలిగింది. ఒక్కొక్క భాగమూ పలికి, ఒక్కొక్క వరుస పడుతుంటే ప్రేమ్‌రాజ్ ప్రతి వరుసకూ "స్తోత్రం" అన్నాడు.

"లోపట దయ్యముందా ఏంది సారూ, గన్నిసార్లు దండం పెడ్తున్నవ్?"

ఆయన నవ్వబోయి ఆగాడు. తెర నిలిచిపోయింది. చివరి వరుస స్పష్టంగానే ఉంది: ఈ యంత్రంలో లెక్కల భాగం లేదు, దానికి బదులు ఏర్పాటూ లేదు, కనుక ముందుకు సాగలేను.

486లలో రెండు రకాలుంటాయి. లెక్కల భాగం ఉన్నది ఒకటి; అది లేకుండా చవకగా అమ్మినది ఇంకొకటి. మూత మీద రెండింటికీ ఒకే అంకె. ఎదురుగా ఉన్న చిప్ మీదికి వంగి చదివితే తెలిసిపోయేది. ఆయన వంగలేదు. పాలరాతి మెట్లున్న నర్సింగ్ హోమ్ వారు తక్కువరకం కొని పైకి ఎక్కువగా చూపించుకుంటారని ఆయనకు తట్టనే లేదు. బీదలను అనుమానించి, భాగ్యవంతులను పరీక్షించకుండా నమ్మే అలవాటు ఈ దేశంలో మంచివారికి కూడా ఉంటుంది.

"తప్పు నాదే," అన్నాడు ప్రేమ్‌రాజ్. ఎడమ భుజం పట్టుకొని నెమ్మదిగా కూర్చున్నాడు.

"ఔ మల్ల, గా బాబు గూడ జీతాల లెక్క వేళ్ల మీదనే చేసేటోడు. ఊకె మిషన్‌ను తిట్టేటోడు," అంది యాదవ్వ, తాను ముందే చెప్పి ఉండవలసినదన్నట్టు.

ఆ సమయానికే, వారి కేసు వాదిస్తున్న అడ్వకేటు మాబెల్ వచ్చింది. నల్లకోటు చేతి మీద వేసుకొని, మెట్లు ఎక్కిన వేగంతోనే లోపలికి వచ్చి, ఆయన ముఖం చూసి సంగతి గ్రహించింది. పదిహేనేళ్ల కిందట ఇదే గదిలో ఆయన దగ్గర టైపు నేర్చుకున్న పిల్ల ఆమె.

"మళ్లీ కట్టడానికి ఎంతసేపు సార్?"

"ప్రశ్నలకు ఇరవై నిమిషాలు. దానికి గంటన్నర."

"ఉదయం చెప్పిన జవాబులు దానికి గుర్తుంటాయి కదా? ఎంటర్ కొట్టుకుంటూ పోండి. ఆ ఒక్కటి మార్చండి."

"ఒక్కటి తప్పు చెప్పిన్నంటే తక్కినయి సరిగ్గ చెప్పిన్నని ఏం నమ్మకం, మాబెల్?"

"సార్, పద్దెనిమిది మంది బతుకు."

"అందుకే."

టైపులో ఒక్క అక్షరం తప్పితే పేజీ మొత్తం మళ్లీ కొట్టించిన మనిషి ఆయన. మాబెల్ కోటు తొడుక్కుంది. "నేను వెళ్లి కేసును చివరకు పిలవమని అడుగుతాను. దానలేఖ నా దగ్గర ఉంది. మూడున్నరకు హాజరు కాగితం నా చేతిలో ఉండాలి."

ఈసారి ప్రేమ్‌రాజ్ కళ్లద్దాలు తుడుచుకొని, టార్చి వేసి, యంత్రంలోని ప్రతి చిప్ మీది అంకెలనూ అక్షరాలనూ కాగితం మీద రాసుకున్నాడు. ఆ కాగితం పక్కన పెట్టుకొని మూడు వందల ప్రశ్నలకూ జవాబిచ్చాడు. లెక్కల సహాయం కావాలా అన్నచోట వై నొక్కి, ఒక క్షణం వేలు అక్కడే ఉంచాడు. లెక్కలు రాని యంత్రానికి కెర్నెలే చేయి పట్టుకొని లెక్క చేసి పెడుతుంది. ఆలస్యమవుతుంది గాని తప్పు రాదు. తానూ అట్లాగే నడిచినవాడు. చేయి పట్టుకున్నవారు ఎప్పుడూ ఎవరో ఒకరు ఉన్నారు. ఆ మాట తలుచుకుంటే ఛాతీలోని బరువు కూడా కొంచెం తేలికైనట్టనిపించింది.

"ఇంక గాలేదా? నా మనవడు పుట్టినప్పుడు గూడ గింత ఆలస్యం గాలే," అంటూ యాదవ్వ ఊరుకోలేక గది ఊడ్చేసింది. కొత్త చోటైనా మూలలన్నీ ఆమె చీపురుకు ముందే తెలిసినట్టున్నాయి.

రెండూ యాభై ఐదుకు పాత యంత్రం లేచింది. వరుసలన్నీ పడి, చివర చిన్న గీత వెలుగుతూ ఆరుతూ ఆజ్ఞకోసం నిలబడింది. హాజరు ఫైళ్లు వరుసగా బయటపడ్డాయి. ప్రేమ్‌రాజ్ కావలసిన ఏడాదికంటే ముందు తొంభై ఏడు తెరిచాడు. ఆ పంతొమ్మిది రోజులు చూశాడు. యాదవ్వ పేరుకు ఎదురుగా పంతొమ్మిదింటికీ హాజరు. ఒక్క నిమిషం, అంతకుమించి తీసుకోలేదు. ఫైలు మూసి, కేసుకు కావలసిన ఏడాది తీశాడు.

డాట్ మాట్రిక్స్ ప్రింటరు గోలగా పద్దెనిమిది కాగితాలు కక్కింది. యాదవ్వ ఖాతాలో మూడు వందల పన్నెండు రోజులు. అందరికంటే తక్కువ వచ్చినవాడికి రెండు వందల డెబ్బై ఆరు. ప్రేమ్‌రాజ్ కాగితాల అంచులు చింపి, దొంతర సరిచేసి, ప్లాస్టిక్ కవరులో పెట్టాడు.

"నువ్వే తీస్కపో. నేను మెట్లు దిగి ఎక్కలేను. ఆటో ఎక్కు, నాంపల్లి స్టేషన్ మీదికెల్లి పొమ్మను."

"నువ్వు రావా సారూ? జడ్జిసాబ్ అడిగితే?"

"అడిగితే మాబెల్ చెప్తది. మీ పేర్లు మీ చేతులతోనే ఇయ్యున్రి. పో, టైమైతంది."

ఆమె కవరును రెండు చేతులా ఛాతీకి హత్తుకొని గుమ్మం దాటింది. ప్రేమ్‌రాజ్ కిటికీలోంచి చూశాడు. సందు చివర ఆమె ఆటోను ఆపి, కూర్చునే ముందు డ్రైవరుతో వాదించి, ఎక్కి వెళ్లిపోయింది. ఆయన కుర్చీ దగ్గరికి తిరిగి వచ్చి కూర్చున్నాడు. ఇక ఎవరూ తొందరపెట్టేవారు లేరు.

అయిదు దాటాక మెట్ల మీద రెండు జతల అడుగులు వినిపించాయి. యాదవ్వ గొంతు ఆమెకంటే ముందుగా పైకి వచ్చింది.

"సారూ! తీస్కున్నడు సారూ! కాగితం తీస్కున్నడు! పద్దెన్మిది పేర్లు ఒక్కటొక్కటి సద్విండు! దవాఖాన వకీలు నోట్లెకెల్లి మాట రాలే!"

మాబెల్ వెనకే వచ్చింది. దానలేఖ మీది నంబరు, కాగితాలు రెండూ రికార్డులోకి ఎక్కాయి. హాజరు పుస్తకమే లేదన్న ప్రమాణపత్రానికి సంజాయిషీ ఇవ్వమని న్యాయమూర్తి నర్సింగ్ హోమ్‌ను ఆదేశించారు. అది చెప్పబోతూ ఆమె కుర్చీ వైపు చూసింది.

ప్రేమ్‌రాజ్ కుర్చీలో నిటారుగా కూర్చొని ఉన్నాడు. చేతులు ఒడిలో ఒకదానిలో ఒకటి. కళ్లద్దాలు మడిచి బల్ల మీద పెట్టి ఉన్నాయి. మాబెల్ ఆయన మణికట్టు గుండీ విప్పి, నాడి వెతికి, చాలాసేపటికి ఆ గుండీని తిరిగి పెట్టింది. ఆయన ముఖంలో బాధ జాడ లేదు.

యాదవ్వ కవరు లేని ఖాళీ చేతులతో ఆయన పాదాల పక్కన నేల మీద కూర్చుంది. "చెప్పకముందే పోయినవా సారూ," అంది, చుట్టాన్ని మందలించినట్టుగా.

పాత యంత్రం ఆపి ఉంది. దాని నోట్లోంచి సగం బయటికి వచ్చిన ఫ్లాపీ మీద ఆయన కొత్తగా అంటించిన చీటీ ఉంది, అచ్చువేసినట్టు గుండ్రని అక్షరాలు, చివర తేదీ: "ఈ యంత్రమునకు లెక్కల భాగము లేదు. మూత మీది అంకె నమ్మి మొదట తప్పు చేసితిని. సరిచేయబడినది."