ఇంకా విరగని ఎముకలు

రొమ్ము క్యాన్సర్ అయితే పోయింది. అది మళ్ళీ రాకుండా రోజూ వేసుకునే మాత్ర మాత్రం నా ఎముకల్ని గుల్ల చేస్తోందట. గట్టిపడటానికి ఇంజెక్షన్ చేయించుకోమంది డాక్టరమ్మ. ఈ ఇంజెక్షన్‌కి ముందు పళ్ళు, దవడ చూపించుకోవాలట; పళ్ళ డాక్టరు కూడా చూసి సరేనన్నాడు. ఇక సరేననాల్సింది బీమా కంపెనీ ఒక్కటే.

ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి తియ్యగా పలికింది.

"మీకు ఏ ఎముకైనా విరిగిందా మేడం?"

"లేదమ్మా. విరక్కూడదనే కదా ఈ ఇంజెక్షన్!"

"అయితే పరిశీలించాలండి. విరిగుంటే ఇంత ఆలోచించేవాళ్ళం కాదు."

నాకు ఒళ్ళు మండింది. మా ఆయనకు భయం పట్టుకుంది. మాది అద్దాల దుకాణం. బీమా ఖాయమయ్యేదాకా ఏ అద్దాన్నీ అంగుళం కదపనివ్వరు ఆయన. మూలలకు మెత్తలు కట్టి గోడకు నిలబెడతారు. ఆ సాయంత్రమే నాకూ అదే మర్యాద జరిగింది. మోచేతులకు, మోకాళ్ళకు మెత్తలు కట్టి, నా కుర్చీ చుట్టూ కూడా మెత్తలు పరిచారు. మా అత్తగారు 'పెళుసు సరుకు, జాగ్రత్త' అన్న ఎర్ర కాగితం తెచ్చి నా వీపుకి అంటించారు.

"వాళ్ళు సరేననేదాకా నువ్వు కదలకు," అన్నారు మా ఆయన.

"కాదంటే?"

ఆయన వెళ్ళి ఇంకో మెత్త తెచ్చారు.

మర్నాటి నుంచి దుకాణంలో నిలువుటద్దాల మధ్య నా కొలువు. ఎటు చూసినా నేనే. అద్దం కొనడానికి వచ్చినావిడ నా ధర అడిగింది. "అమ్మకానికి కాదండీ," అన్నారు మా అత్తగారు ఎంతో మర్యాదగా. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆపరేషన్ అప్పుడు కూడా నేనింత పనికిమాలినదాన్నని అనిపించలేదు.

చివరికి కంపెనీ పరిశీలకుడు వచ్చాడు. నా చుట్టూ తిరిగి చూశాడు. వీపు మీది కాగితం చదివాడు.

"ఎక్కడా సొట్ట కూడా లేదే! కొన్నాళ్ళు ఆగి చూడండి," అంటూ వెనక్కి అడుగేశాడు. కాలి కింద మెత్త జారింది. అద్దాలకేమీ కాలేదు. అతని మణికట్టే టప్పుమంది.

అందరూ కొయ్యబారిపోయారు. నేనే లేచి, నా మోచేతి మెత్త ఊడదీసి అతని చేతికి కట్టాను. పాపం, అంత నొప్పిలోనూ అతని ముఖం వెలిగింది.

"దీనికి బీమా వెంటనే వచ్చేస్తుందండీ. విరిగింది కదా!"

అంతే, నాకు తేలిపోయింది.

"కారు తీయండి," అన్నాను మా ఆయనతో. "ఇతను కట్టు కట్టించుకుంటాడు, నేను ఇంజెక్షన్ చేయించుకుంటాను."

"మరి బీమా?"

"ఇస్తే ఇస్తారు. లేకపోతే ఆ పెద్ద అద్దం అమ్మేద్దాం. వాళ్ళకోసం నడుం విరగ్గొట్టుకోలేను."

ఆసుపత్రిలో నర్సు సూది సిద్ధం చేస్తుండగా ఫోన్ మోగింది. అదే తియ్యని గొంతు.

"మేడం, మీ దుకాణంలో ఒక ఎముక విరిగినట్టు మా పరిశీలకుడు తెలియజేశారు. అది మీదేనా?"

మా ఆయన అవునని చెప్పమంటూ తల ఊపుతున్నారు. ఆయన వెనక మా అత్తగారు ఇంకా గట్టిగా ఊపుతున్నారు.

"కాదమ్మా," అన్నాను. "నావన్నీ ఇంకా బాగానే ఉన్నాయి."

ఫోన్ పెట్టేసి, నర్సుకి జబ్బ అందించాను.